సెప్టిక్ ట్యాంకు ఖాళీ చేసే ట్యాంకరు సేవ: హనుమకొండలో మా అనుభవం, నా అంచనా

హనుమకొండలోని మా ఇంటి సెప్టిక్ ట్యాంకును ఈ వేసవిలో ఖాళీ చేయించాం. నగరపాలక సంస్థ లైసెన్సు ఉన్న ఒక ప్రైవేటు ట్యాంకరు వాళ్లు వచ్చి పని చేసి వెళ్లారు. పని బాగా చేశారని, మళ్లీ అవసరమైతే వాళ్లనే పిలుస్తానని ముందుగానే చెబుతున్నాను. అయితే ఈ పని బాగా జరిగిందో లేదో ఇంటివాళ్లు తేల్చుకోవాలంటే నేల కింద ఆ ట్యాంకులో ఏం జరుగుతుందో కొంతైనా తెలిసి ఉండాలి. చాలా ఇళ్లలో అది తెలియదు. బండి వచ్చింది, గొట్టం వేశారు, అరగంటలో వెళ్లిపోయారు, డబ్బులిచ్చాం అన్నంతవరకే ఈ పనిని చూడడం మనకు అలవాటు. ట్యాంకు నిజంగా ఖాళీ అయిందా, లేక పైన ఉన్న నీళ్లను మాత్రమే లాక్కుని పోయారా అని అడిగేవారు తక్కువ. అందుకే ఈ సమీక్షలో సేవ గురించి ఎంత రాస్తున్నానో, ట్యాంకు గురించి కూడా అంతే రాస్తున్నాను.

కిందటిసారి వచ్చిన బండి వేరే వాళ్లది. వాళ్లు ఒక్క మూత మాత్రమే తెరిచి, గొట్టాన్ని పైపైన ఉంచి, ఒక ట్రిప్పు నింపుకుని, ట్యాంకు ఖాళీ అయిందని చెప్పి వెళ్లిపోయారు. కొద్ది నెలల్లోనే వాసన మళ్లీ మొదలైంది. ట్యాంకులో బరువైన పదార్థమంతా అడుగున ఉంటుంది, పైన ఉండేది ఎక్కువగా నీరే. నీళ్లు తోడడం తేలిక, అడుగున గట్టిపడిన మడ్డిని తీయడం కష్టం. డబ్బు మాత్రం ట్రిప్పుకు ఇంతని తీసుకుంటారు కాబట్టి తేలికైన పని చేసి వెళ్లిపోవాలన్న ఆశ ఈ వృత్తిలో ఎప్పుడూ ఉంటుంది. ఆ ఆశకు లొంగకుండా పని చేసేవాళ్లు దొరకడమే ఇక్కడ అసలు విషయం.

ఈసారి వచ్చిన వాళ్ల తేడా ఫోనులోనే కనిపించింది. ట్యాంకు ఇంటి ముందుందా వెనకుందా, బండి ఆపే చోటు నుంచి మూత దాకా ఎన్ని అడుగులు ఉంటుంది, మూతలు ఎన్ని, వాటి మీద టైల్స్ గానీ సిమెంటు గానీ వేశారా, చివరిసారి ఎప్పుడు తీయించారు, ఇంట్లో ఎంతమంది ఉంటారు, బాత్రూము నీళ్లు కూడా అందులోకే పోతాయా అని వరుసగా అడిగారు. ధర చెప్పింది ఆ తర్వాతే. ఈ ప్రశ్నలలో దేనికీ జవాబు తెలియని ఇంటివాళ్లు కూడా ఉంటారు, ఎందుకంటే ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీ ఏం చేశాడో చూసి గుర్తుపెట్టుకునేవారు అరుదు. కొన్ని ఇళ్లలో ట్యాంకు ఎక్కడుందన్నదే తగువు. పోర్టికోలో టైల్స్ పరిచి మూతలను శాశ్వతంగా కప్పేసిన ఇళ్లు మా కాలనీలోనే ఉన్నాయి.

సెప్టిక్ ట్యాంకు పని చేసే తీరు చాలా సరళమైనది. మరుగుదొడ్డి నుంచి వచ్చే నీరు నీళ్లు కారని గోడలున్న ఒక గదిలోకి చేరి, అక్కడ కదలకుండా ఒకటి రెండు రోజులు నిలవ ఉండాలి. అలా నిలిచిన నీటిలో బరువైనవి కిందికి దిగి మడ్డిగా పేరుకుంటాయి. నూనె, కొవ్వు, తేలే పదార్థాలు పైకి వచ్చి తెట్టు కడతాయి. రెండింటి మధ్య కాస్త తేటగా ఉండే నీరు నిలుస్తుంది. గాలి అవసరం లేకుండా బతికే సూక్ష్మజీవులు అడుగు మడ్డిని నెమ్మదిగా జీర్ణం చేసి కొంత భాగాన్ని వాయువుగా మారుస్తాయి. మీథేన్, కార్బన్ డయాక్సైడ్, కొద్దిగా హైడ్రోజన్ సల్ఫైడ్ అలా పుట్టి గాలి గొట్టం గుండా పైకి పోతాయి. ఈ ఏర్పాటు పాతదే. ఫ్రాన్సులో లూయీ మురాస్ ఇలాంటి తొట్టికి 1881లో పేటెంటు తీసుకున్నాడు. ఇంగ్లండులోని ఎక్సెటర్‌లో డొనాల్డ్ కామెరాన్ 1890లలో దీన్ని మెరుగుపరిచాడు. అప్పటి నుంచి ఇప్పటి దాకా మూల సూత్రం మారలేదు: నీటిని నిలవనివ్వాలి, మధ్య పొరను మాత్రమే బయటికి పంపాలి.

మధ్య పొరను మాత్రమే బయటికి పంపే పనిని ఇంగ్లిషు టీ అక్షరం ఆకారంలో ఉండే ఒక మామూలు పైపు ముక్క చేస్తుంది. నీరు లోపలికి వచ్చే చోట ఉన్న టీ నీటిని సూటిగా దూకనివ్వకుండా కిందికి మళ్లించి, అడుగు మడ్డి కదలకుండా కాపాడుతుంది. బయటికి పోయే చోట ఉన్న టీ కింది కాలు నీటిమట్టం కంటే సుమారు అడుగు లోతుకు దిగి ఉంటుంది కాబట్టి తెట్టు దాన్ని దాటలేదు, మడ్డి దాన్ని అందుకోలేదు. బయటికి పోయే పైపు లోపలికి వచ్చే పైపు కంటే కాస్త కిందుగా ఉండాలి. ట్యాంకు 2,000 లీటర్ల కంటే పెద్దదైతే మధ్యలో అడ్డుగోడ కట్టి, లోపలికి వచ్చే వైపు మూడింట రెండు వంతులు, బయటికి పోయే వైపు ఒక వంతు ఉండేలా చూడాలి. సెప్టిక్ ట్యాంకుల నిర్మాణానికి భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 2470 పేరుతో నియమావళినే ఇచ్చింది. దాని ప్రకారం ఐదుగురు వాడే ఇంటికి 1.5 మీటర్ల పొడవు, 0.75 మీటర్ల వెడల్పు, సుమారు ఒక మీటరు నీటి లోతు సరిపోతుంది. అంటే 1,100 లీటర్లు దాటితే చాలు, కానీ ఏడాదికి ఒకసారి మడ్డి తీయించాలి.

మన ఇళ్లలో ఎవరూ అంత చిన్న ట్యాంకు కట్టరు. మాది ఎనిమిది అడుగుల పొడవు, ఐదు అడుగుల వెడల్పు, నీటి లోతు ఐదు అడుగులు. లెక్క వేస్తే 5,600 లీటర్ల పైచిలుకు. పెద్దది కట్టడంలో తప్పు లేదు. కానీ పెద్దది కట్టాం కాబట్టి ఇరవై ఏళ్లు దాని జోలికి పోనక్కర్లేదన్న ధీమాకు ఆధారం లేదు. మా ట్యాంకు కట్టినప్పటి నుంచి ఒక్కసారి కూడా నిండలేదని గర్వంగా చెప్పేవాళ్లను చాలామందిని విన్నాను. సెప్టిక్ ట్యాంకు కట్టిన కొద్ది రోజులకే నిండుతుంది, ఆపైన ఎప్పుడూ నిండుగానే ఉంటుంది, ఎంత నీరు లోపలికి వస్తే అంతే బయటికి పోతుంది. ఎన్నేళ్లయినా నిండలేదంటే అడుగున సిమెంటు లేక నేలలోకి ఇంకుతోందని గానీ, మడ్డితో సహా మోరీలోకి పోతోందని గానీ అర్థం. సిమెంటు వరలు ఒకదాని మీద ఒకటి దించి, అడుగు వదిలేసి, దాన్నే సెప్టిక్ ట్యాంకు అనడం మన ఊళ్లలో మామూలైపోయింది. అది ఇంకే గుంతే తప్ప సెప్టిక్ ట్యాంకు కాదు. పక్కన బోరు ఉంటే ఆ ఇంటివాళ్లు తాగే నీటికి అది నేరుగా ముప్పు.

ఇక పని జరిగిన రోజు సంగతి. బండితో డ్రైవరు, ఒక సహాయకుడు వచ్చారు. ఇద్దరికీ రబ్బరు బూట్లు, మోచేతుల దాకా చేతి తొడుగులు, ముఖానికి మాస్కులు ఉన్నాయి. మూతల అంచుల్లో గట్టిపడిన సిమెంటును ఉలితో జాగ్రత్తగా కొట్టి, రెండు మూతలనూ గునపంతో పక్కకు జరిపారు. నేను దగ్గరికి వెళ్లబోతుంటే సహాయకుడు చెయ్యి అడ్డం పెట్టి, "జర అవుతల నిలబడుండ్రి అమ్మా, గ్యాసు పోవాలె" అన్నాడు. మూతలు తెరిచిపెట్టి సుమారు అరగంట ఎవరూ వాటి మీదికి వంగలేదు. ఆ అరగంటను వృథా అనుకునే ఇంటివాళ్లు ఉంటారు. నిజానికి పనిలో ఎక్కువ విలువైన సమయం అదే. హైడ్రోజన్ సల్ఫైడ్ కొద్దిగా ఉన్నప్పుడు కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది. మోతాదు పెరిగితే ముక్కుకు ఆ వాసనే తెలియకుండా పోతుంది. వాసన తగ్గింది కదా అని దిగినవాడు అక్కడికక్కడే కుప్పకూలడానికి కారణం ఇదే. మీథేన్ గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య కలిస్తే చిన్న నిప్పు చాలు, మంట లేస్తుంది. లోపలికి చూడటానికి అగ్గిపుల్ల గీయడం, పక్కన నిలబడి బీడీ తాగడం ప్రాణాంతకం. వీళ్లు టార్చిలైటు వాడారు, అది కూడా తల లోపలికి పెట్టకుండా.

తర్వాత చేసిన పని నాకు ఎక్కువ నచ్చింది. పొడవైన వెదురు కర్ర చివర తెల్లటి పాత గుడ్డ చుట్టి, నిటారుగా అడుగు తగిలేదాకా దించి, కాసేపు ఆగి నెమ్మదిగా పైకి తీశారు. మడ్డి ఉన్నంత మేర గుడ్డ నల్లగా, జిగటగా ఉంది. ఆ పైన బూడిదరంగు తడి మాత్రమే ఉంది. టేపుతో కొలిస్తే ఐదడుగుల నీటిలో సుమారు రెండున్నర అడుగులు మడ్డే. మడ్డి, తెట్టు కలిసి లోతులో మూడో వంతు దాటితే తీయించాలని చెబుతారు. మాది సగానికి చేరింది. సగం చోటు మడ్డి ఆక్రమించిందంటే వచ్చే నీరు ట్యాంకులో నిలిచే సమయం కూడా సగమైపోయిందని అర్థం. నిలవని నీటి నుంచి ఏదీ కిందికి దిగదు, అంతా బయటి పైపు దారి పడుతుంది. కిందటిసారి ఎంత మిగిల్చి వెళ్లారో ఈ ఒక్క కొలతతో తేలిపోయింది. ఆ కర్రకు, గుడ్డకు ఖర్చేమీ లేదు. ఏ ఇంటివాళ్లయినా మూత తెరిచాక కొంచెం దూరంగా నిలబడి ఈ కొలత చూపించమని అడగవచ్చు.

పైన ఉన్న నీళ్లను ముందుగా తోడారు. అడుగు మడ్డి దగ్గరికి వచ్చేసరికి గొట్టం గురగురమని గాలి పీల్చడం మొదలుపెట్టింది. ఏళ్ల తరబడి కదలని మడ్డి చెరువు అడుగు బంకమట్టిలా బిగుసుకుపోయి ఉంది. ఇక్కడే చాలామంది పని ఆపేస్తారు. వీళ్లు పంపు దిశ మార్చి, ట్యాంకరులోకి తోడిన నీటినే కొంత ఒత్తిడితో తిరిగి లోపలికి వదిలి, పొడవాటి ఇనుప చువ్వతో పైనుంచే కలియబెట్టి, మడ్డి పలచబడ్డాక మళ్లీ లాగారు. ఇలా పలుమార్లు చేశారు. బండి పట్టేది 4,000 లీటర్లు కాబట్టి రెండో ట్రిప్పు అవసరమైంది. అది అవసరమవుతుందని ముందే ఫోనులో చెప్పారు. రెండో గదిని కూడా తెరిచి అంతే శ్రద్ధగా తోడారు. చివర అడుగున కాస్త మడ్డిని కావాలనే వదిలారు. కొత్తగా వచ్చే మలాన్ని జీర్ణం చేసే సూక్ష్మజీవులకు అది విత్తనం లాంటిది. ట్యాంకును యాసిడ్ పోసి తళతళలాడేలా కడగమని అడగడం తెలియనితనం.

ట్యాంకు ఖాళీ అయ్యాక టార్చి వెలుగులో బయటికి పోయే పైపు చూపించారు. అక్కడ ఉండాల్సిన టీ లేదు, ఉత్త పైపు రంధ్రం మాత్రమే గోడలో ఉంది. ఊడిపోయిన టీ అడుగున మడ్డిలో దొరికితే కొక్కెంతో పైకి తీసి పక్కన పెట్టారు. ఇంటి వెనక సోక్ పిట్, అంటే ట్యాంకు నుంచి వచ్చే నీటిని నేలలోకి ఇంకించే కంకర గుంత, ఏడాదిగా ఎందుకు పొంగుతోందో అప్పుడు అర్థమైంది. టీ లేకపోవడంతో తెట్టంతా నేరుగా సోక్ పిట్‌లోకి పోయి, కంకర మధ్య సందులను జిడ్డుతో మూసేసింది. ప్లంబరు మూత దగ్గర నుంచి చెయ్యి అందే దూరంలోనే కొత్త టీ బిగించాడు. దానికైన ఖర్చు ఒక పూట కూరగాయల ఖర్చుకు మించలేదు. అంత చిన్న ముక్క లేక సోక్ పిట్ కంకరంతా తీసి మార్చాల్సి వచ్చింది. ట్యాంకరు వాళ్లు ఈ టీని చూడకుండా వెళ్లిపోయి ఉంటే మళ్లీ అదే జరిగేది. లోపల ఏముందో ఇంటివాళ్లకు చూపించి వెళ్లడం వాళ్ల ధరలో లేని పని. అయినా చేశారు.

వాళ్లలో ఎవరూ ట్యాంకులోకి దిగలేదు. దిగే ప్రస్తావన కూడా రాలేదు. ఈ విషయంలో మాత్రం ఏ రాజీ ఉండకూడదని నా గట్టి నమ్మకం. పాకీ పనివారి నియామకాన్ని నిషేధించి వారికి పునరావాసం కల్పించేందుకు 2013లో వచ్చిన చట్టం, రక్షణ సాధనాలు లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి గానీ మురుగు కాలువలోకి గానీ దించడాన్ని నేరంగా పరిగణిస్తుంది. మొదటి తప్పుకు రెండేళ్ల దాకా జైలు గానీ, రెండు లక్షల రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. నిషేధం కాంట్రాక్టరుకు మాత్రమే కాదు, పని చేయించుకున్న ఎవరికైనా వర్తిస్తుంది. అంటే అదనంగా ఐదు వందలు ఇస్తాను, దిగి అడుగు గోకమని చెప్పిన ఇంటి యజమాని కూడా నేరస్థుడే. పాకీ పని నిర్మూలన కోసం ఉద్యమించే సఫాయి కర్మచారి ఆందోళన్ సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2014 మార్చి 27న తీర్పు ఇస్తూ, ఇలా చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికి పది లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని చెప్పింది. 2023 అక్టోబరు 20న ఇచ్చిన మరో తీర్పులో దాన్ని 30 లక్షలకు పెంచింది. ఆ ఉద్యమాన్ని నడిపి 2016లో మెగసెసే పురస్కారం అందుకున్న బెజవాడ విల్సన్ కోలారు బంగారు గనుల ప్రాంతంలోని తెలుగు కుటుంబం నుంచి వచ్చినవారు. ఆయనకు తోడుగా నిలిచినవారిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పేదల పక్షాన పనిచేసిన ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ ఒకరు. ఇంత పోరాటం జరిగిన తర్వాత కూడా ట్యాంకులో ఊపిరాడక మనుషులు చనిపోయారన్న వార్తలు వస్తూనే ఉన్నాయి. మొదట దిగినవాడు పడిపోతే, కాపాడటానికి దిగిన రెండోవాడు, మూడోవాడు కూడా పోతున్నారు. యంత్రంతో తీయలేనిది ఏదైనా మిగిలితే మిగలనివ్వండి, మనిషిని మాత్రం దించవద్దు.

తోడిన మడ్డి ఎక్కడికి పోతుందన్నది నేను పట్టుబట్టి అడిగిన మరో ప్రశ్న. ఊరి బయట చెరువులోకో, నాలాలోకో, రాత్రివేళ ఎవరి పొలంలోకో వదిలేసే బండ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. అలా చేస్తే మన ఇంటి గుంత శుభ్రమై ఇంకొకరి తాగునీరు మురికవుతుంది. ఈ విషయంలో మా హనుమకొండ కూడా భాగమైన వరంగల్ నగరానికి ఒక విశిష్టత ఉంది. సెప్టిక్ ట్యాంకుల నిర్వహణకు, మడ్డి తరలింపుకు 2016లోనే నగరపాలక సంస్థ ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. దేశంలో ఈ పని చేసిన మొదటి నగరంగా దీనికి పేరుంది. కేంద్ర ప్రభుత్వం జాతీయ విధానం ప్రకటించింది ఆ తర్వాత, 2017లో. ట్యాంకర్లకు లైసెన్సులు, పనివారికి రక్షణ సాధనాలు, మడ్డిని శుద్ధి కేంద్రానికే చేర్చాలన్న షరతు ఆ ఏర్పాటులో భాగం. శుద్ధి కేంద్రంలో మడ్డి నుంచి నీటిని వేరుచేసి, ఆ నీటిని విడిగా శుద్ధి చేస్తారు. మిగిలిన గట్టి పదార్థాన్ని ఆరబెట్టడమో, అధిక వేడిలో మాడ్చడమో చేస్తారు. పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురంలోనూ ఇలా వేడితో మాడ్చే కేంద్రం పెట్టారు. మా పని చేసిన డ్రైవరు రెండు ట్రిప్పులకూ శుద్ధి కేంద్రంలో ఇచ్చిన చీటీల ఫొటోలను సాయంత్రానికి ఫోనుకు పంపించాడు. అడిగితే పంపించడం కాదు, అతనే పంపించాడు. ఈ ఒక్క కారణానికే నేను ఈ సేవకు మార్కులు ఎక్కువ వేస్తాను.

మడ్డి తీసినంత మాత్రాన ట్యాంకు నుంచి బయటికి పోయే నీరు శుభ్రమైందని ఎవరూ అనుకోకూడదు. చూడటానికి తేటగా ఉన్నా ఆ నీటిలో రోగకారక క్రిములు పుష్కలంగా ఉంటాయి. దాన్ని మోరీలోకి వదలకుండా నేలలోకి ఇంకించాలి. నేల పొరలే దాన్ని వడగడతాయి. ఎర్ర నేలలో, మొరంలో ఇది బాగా జరుగుతుంది. నల్లరేగడిలో నీరు ఇంకదు, గుంత తొందరగా పొంగుతుంది. బండ దగ్గరగా ఉన్న చోట నీరు పగుళ్ల వెంట నేరుగా బోరు దాకా పోయే ప్రమాదం ఉంది. ఇంకే గుంతకూ తాగునీటి బావికీ మధ్య కనీసం 18 మీటర్లు, ఇంటికీ గుంతకూ మధ్య 6 మీటర్లు ఉండాలని ఐఎస్ 2470 రెండో భాగం చెబుతుంది. ఇప్పుడు మన ప్లాట్ల వైపు చూడండి. రెండు వందల గజాల ప్లాటు అంటే ముప్ఫై అడుగుల వెడల్పు, అరవై అడుగుల పొడవు. అరవై అడుగులంటే దాదాపు సరిగ్గా 18 మీటర్లు. బోరు వీధి గుమ్మం దగ్గర, సోక్ పిట్ వెనక ప్రహరీ దగ్గర పెడితే గానీ ఆ దూరం రాదు. అలా పెట్టినా మన సోక్ పిట్ వెనకింటి వాళ్ల బోరుకు ఎంత దగ్గరవుతుందో ఎవరూ కొలవరు. వాస్తు ప్రకారం వాయవ్యం, ఈశాన్యం చూసుకునే శ్రద్ధలో సగం ఈ దూరం మీద పెడితే ఎన్నో ఇళ్ల బోరు నీళ్లు బాగుపడతాయి. వాననీటి కోసం తవ్విన ఇంకుడు గుంతకు సెప్టిక్ ట్యాంకు పైపు కలపడం ఇంకా ఘోరం. భూగర్భజలం పెంచడానికి తీసిన గుంతలోకే మురుగును పంపించినట్టవుతుంది.

ఈ సేవలో లోటుపాట్లూ ఉన్నాయి. చెప్పిన సమయానికి బండి రాలేదు, ఆలస్యమవుతుందని ఫోను కూడా చేయలేదు. గొట్టాల అతుకు ఒకచోట కారి, పక్కింటి గేటు ముందు మురికి నీరు పడింది. బ్లీచింగ్ పొడి చల్లి కడిగినా ఆ ఇంటివాళ్లకు నేనే వెళ్లి సర్దిచెప్పాల్సి వచ్చింది. అతుకు దగ్గర ఒక బకెట్టు పెట్టుకుంటే ఆ ఇబ్బంది ఉండేది కాదు. పని చివర్లో ఒక పొడి ప్యాకెట్టు చూపించి, నెలకొకటి కమోడ్‌లో వేసి నీళ్లు పోస్తే ఇక ఎప్పటికీ బండి పిలవనక్కర్లేదని చెప్పడం మాత్రం నాకు బొత్తిగా నచ్చలేదు. ఇంత నిజాయితీగా పని చేసినవాళ్ల నోట ఆ మాట రాకుండా ఉండాల్సింది. సూక్ష్మజీవులు మనిషి మలంలోనే కోట్ల సంఖ్యలో ఉంటాయి, ట్యాంకుకు వాటిని కొని పోయాల్సిన అవసరం లేదు. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ కూడా ఇలాంటి పొడులు, ద్రావణాలు మడ్డి తీయించడానికి ప్రత్యామ్నాయం కావని చెబుతుంది. ఎంత జీర్ణమైనా ఇసుక, వెంట్రుకలు, జీర్ణం కాని పీచు అడుగున మిగిలిపోతాయి. వాటిని తీసేది గొట్టమే. ట్యాంకు బాగుండాలంటే పొడి కొనడం కంటే కొన్నిటిని లోపలికి పంపకుండా ఉండటం మేలు. శానిటరీ ప్యాడ్లు, డైపర్లు, తడి తుడుపు కాగితాలు, వంట నూనె ఎప్పటికీ అందులోకి పోకూడదు. యాసిడ్, ఫినాయిల్ వాడకం ఎంత తగ్గిస్తే సూక్ష్మజీవులకు అంత మంచిది. వాషింగ్ మెషీను నీటిని ఈ ట్యాంకుకు కలిపిన ఇళ్లలో ఒక్కసారిగా వచ్చిపడే నీటి వరదకు మడ్డి కదిలి బయటికి పోతుంది. దాన్ని విడిగా మళ్లించాలి. పైకప్పు వాననీటి సంగతీ అంతే.

మాకైన ఖర్చు ట్రిప్పుకు మూడు వేల రూపాయల చొప్పున ఆరు వేలు, మూతలకు మళ్లీ సిమెంటు పూసే పనికి విడిగా కొంత. రసీదు ఇచ్చారు. నా దృష్టిలో ఐదుకు నాలుగు మార్కులు. ఆలస్యానికి, కారిన గొట్టానికి కలిపి అర మార్కు, ఆ పొడి ప్యాకెట్టుకు మరో అర మార్కు తగ్గించాను. ధర తక్కువ చెప్పేవాళ్లు దొరక్కపోరు, కానీ వాళ్లను పిలిచే ముందు రెండు గదులూ తెరుస్తారా, మడ్డి లోతు కొలిచి చూపిస్తారా, శుద్ధి కేంద్రం చీటీ ఇస్తారా అని అడగండి. వీటిలో ఏ ఒక్కదానికి జవాబు దాటవేసినా వేరే వాళ్లను వెతుక్కోవడం మంచిది. ఎవరిని పిలవాలో తెలియనివారికి పారిశుద్ధ్య కార్మికుల భద్రత కోసం కేంద్రం చేపట్టిన సఫాయిమిత్ర సురక్ష కార్యక్రమంలో భాగంగా ఏర్పాటైన 14420 అనే సహాయ నంబరు ఉంది. మనిషిని ట్యాంకులోకి దించుతున్నట్టు కనిపిస్తే ఫిర్యాదు చేయడానికి కూడా అదే నంబరు.

పని చేయించడానికి మే నెల దాటకుండా చూసుకోండి. వానలు మొదలయ్యాక మట్టి రోడ్లలో నిండు ట్యాంకరు దిగబడుతుంది, నేలలో నీటిమట్టం పెరిగి సోక్ పిట్ ఇంకదు, ప్లాస్టిక్‌తో గానీ ఫైబర్‌తో గానీ చేసిన ట్యాంకును ఆ సమయంలో పూర్తిగా ఖాళీ చేస్తే చుట్టూ ఉన్న నీటి ఒత్తిడికి పైకి లేచి పైపులు విరిగిపోవచ్చు. అలాంటి ట్యాంకు ఉన్నవాళ్లు ఖాళీ చేసిన రోజే మంచినీళ్లతో తిరిగి నింపాలి. మాది ఇటుకలతో కట్టింది కాబట్టి ఆ అవసరం రాలేదు. కొత్త టీ బిగించాక, కంకర మార్చిన సోక్ పిట్‌లోకి నీరు ఎక్కడా పొంగకుండా పోతోంది.